పెన్సిల్‌ను కదిలించింది ఎవరు?

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండులోని కలిగినవాళ్ళ ఇళ్ళలో రెండు వింత పరికరాలు వినోదంగా ఉండేవి. రెండూ "వాటంతట అవే" కాగితం మీద గీసేవి. ఒకటి ప్లాంచెట్. రెండోది హార్మోనోగ్రాఫ్. చనిపోయినవాళ్ళ మాటలు రాస్తుందని మొదటిదాన్ని నమ్మారు. రెండోది లోలకాల ఊపును బొమ్మగా గీస్తుంది, అంతే. ఒకే కాలం, ఇంచుమించు ఒకే రకం మనుషులు. ఈ రెంటికీ తేడా ఎక్కడుందో చూస్తే నమ్మకానికీ, తెలుసుకోవడానికీ ఉన్న తేడా అర్థమవుతుందని నా అభిప్రాయం.

ప్లాంచెట్ 1850 లలో ఫ్రాన్సులో పుట్టింది. హృదయం ఆకారంలో చిన్న చెక్క పలక, కింద రెండు చక్రాలు, మూడో కాలుగా ఒక పెన్సిల్. దాని మీద చేతివేళ్ళు ఆనించి కూర్చుంటే పలక కదిలి అక్షరాలు రాస్తుంది. 1868 లో అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ ఇది విపరీతంగా అమ్ముడుపోయింది.

హార్మోనోగ్రాఫ్ వెనుక ఉన్నది వేరే చరిత్ర. రెండు దిక్కుల్లో వేర్వేరు వేగాలతో ఊగే లోలకం ఎలాంటి గీతలు గీస్తుందో 1815 లో అమెరికా గణితవేత్త నథానియల్ బౌడిచ్ లెక్కకట్టాడు. 1844 లో స్కాట్లండు గణితవేత్త హ్యూ బ్లాక్‌బర్న్ రెండు తాళ్ళను ముడివేసి, కింద ఒకే తాడుతో బరువు వేలాడదీసి, అలాంటి లోలకాన్ని చాలా సులువుగా తయారు చేశాడు. 1857 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లిస్సజూ రెండు శ్రుతిదండాలకు చిన్న అద్దాలు అతికించి, వాటి మీద పడ్డ వెలుతురుతో అవే బొమ్మలను తెర మీద చూపాడు. 1870 లకు లండన్ పరికరాల తయారీదార్లు లోలకాలకు కలం తగిలించి అమ్మసాగారు.

దీని పని తీరు కష్టమేమీ కాదు. ఒక లోలకం కలాన్ని అటూ ఇటూ ఊపుతుంది. రెండోది ముందుకూ వెనక్కూ ఊపుతుంది. రెంటి వేగం సమానమైతే వృత్తమో, కోడిగుడ్డు ఆకారమో వస్తుంది. 2:1 అయితే 8 అంకె లాంటిది వస్తుంది. 3:2 అయితే అల్లిక. రాపిడి వల్ల ఊపు కొంచెం కొంచెం తగ్గుతుంది కనుక ప్రతి గీత ముందు గీతకు కాస్త లోపలగా పడుతుంది. చివరకు శంఖం లాగా, సన్నటి వల లాగా కంటికింపైన బొమ్మ తయారవుతుంది. 2:1 అంటే సంగీతంలో కింది స, పై స. 3:2 అంటే స, ప. హార్మోనోగ్రాఫ్ అన్న పేరు అందుకే.

ఇప్పుడు అసలు ప్రశ్న. కదిలించింది ఎవరు?

హార్మోనోగ్రాఫ్‌ను అడిగితే జవాబు చెబుతుంది. బరువును కాస్త పైకి జరిపితే బొమ్మ మారుతుంది. ఎలా మారుతుందో ముందే చెప్పవచ్చు. ప్లాంచెట్‌ను కూడా అలాగే అడగాలి కదా!

నిజానికి ప్లాంచెట్ రాకముందే ఆ పని జరిగింది. దారానికి కట్టిన ఇనుప ఉంగరం పాదరసం మీద పట్టుకుంటే తనంతట తానే ఊగుతుందని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ విన్నాడు. చేసి చూశాడు. ఊగింది! ఆయన అక్కడ ఆగలేదు. చేతికి ఆధారం పెట్టాడు, ఊపు తగ్గింది. కళ్ళకు గంతలు కట్టుకున్నాడు, వింత మాయమైంది. చూస్తున్న మనసే తెలియకుండా చేతిని కదిలిస్తున్నదని 1833 లో ప్రకటించాడు. 1853 లో మైకేల్ ఫారడే "ఆత్మలు తిప్పే" బల్లలను పరీక్షించాడు. చేతుల కింద మెత్తని జిగురుతో అతికించిన అట్టలు పెట్టి, బల్ల కంటే ముందు చేతులే కదులుతున్నాయని తేల్చాడు. చేతుల కదలికను చూపే ముల్లు కళ్ళెదుట పెట్టేసరికి బల్ల కదలడం మానేసింది. ఆ కూర్చున్నవాళ్ళు మోసగాళ్ళు కారు. తామే కదిలిస్తున్నామని వాళ్ళకు తెలియదు.

మన దేశంలో రవీంద్రనాథ్ టాగూరు అంతటివాడు 1929 లో ఒక యువతి చేతి ద్వారా ఆత్మల చేత జవాబులు రాయించుకున్నాడు. అప్పటికి ఆయన భార్యనూ, ముగ్గురు బిడ్డలనూ పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖాన్ని నేను ఎగతాళి చేయను. కానీ మహాకవి నమ్మినంత మాత్రాన అది రుజువు కాదు.

మా హాస్టల్లో పరీక్షల ముందు అక్షరాలు రాసిన అట్ట మీద రూపాయి బిళ్ళ పెట్టి ఆత్మలను పిలిచేవాళ్ళు. తండ్రి పోయిన ఒక కుర్రాడు రోజూ వచ్చి కూర్చునేవాడు. ఒక రాత్రి మేము అందరి కళ్ళకూ తువ్వాళ్ళు కట్టి, అట్టను చడీ చప్పుడు లేకుండా తిప్పేశాం. బిళ్ళ కదిలింది కానీ ఒక్క మాట కూడా కుదరలేదు. ఆ కుర్రాడు మర్నాటి నుంచి రాలేదు. అతనికి కావలసింది ఆత్మ కాదు, మాట్లాడే తోడు. అది మేము ముందే ఇవ్వవలసింది.

"ముందుగా చెప్పలేనిది కూడా ఉంటుందిగా, దానిలో ఆత్మ ఉండవచ్చుగా?" అని కొందరి వాదన. 1960 లలో మాంచెస్టర్‌లో తత్వశాస్త్రం బోధించిన డెస్మండ్ పాల్ హెన్రీ, రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబుల గురి చూసే యంత్రాల భాగాలతో బొమ్మలు గీసే యంత్రాలు కట్టాడు. ఏ బొమ్మనూ అవి అచ్చంగా మళ్ళీ గీయలేకపోయేవి. కారణం భాగాల వదులు, కలం జారుడు. అంచనాకు అందకపోవడం వేరు, అతీంద్రియం వేరు.

నేటి ప్లాంచెట్ మరొకటి ఉంది. ఓంకారం పలికితే పళ్ళెం మీది ఇసుక శ్రీచక్రంగా ఏర్పడుతుందని పిల్లలకు కూడా చెబుతున్నారు. కంపించే పలక మీద ఇసుక బొమ్మలు కడుతుందని 1787 లోనే క్లాడ్నీ చూపాడు. ఆ బొమ్మ పలక ఆకారాన్నీ, స్వరం స్థాయినీ బట్టి ఉంటుంది, పలికిన మాట పవిత్రతను బట్టి కాదు. గుండ్రటి పళ్ళెం మీద వచ్చేవి ప్రధానంగా వృత్తాలూ, వ్యాసాలూ. శ్రీచక్రంలో ఉన్నవి ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోయిన 9 త్రిభుజాలు. ఎవరైనా చూపిస్తామంటే, అదే "ఓం" ను ఒక పిల్లవాడి చేతా, ఒక ముసలాయన చేతా పలికించమని అడగండి.

దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. గుమ్మానికి రెండు మేకులు కొట్టి వాటికి ఒక తాడు వదులుగా కట్టండి. దాని మధ్యలో ఇంకో తాడు ముడివేసి, చివర కాగితపు పొట్లంలో ముగ్గుపిండి వేలాడదీయండి. మేకుల ఎత్తు నుంచి పొట్లం దాకా 120 సెంటీమీటర్లు, ముడి నుంచి పొట్లం దాకా 30 ఉండాలి. పొడవు 4 రెట్లయితే ఊపు కాలం 2 రెట్లు. పొట్లం కొసన చిల్లు పెట్టి, ఏటవాలుగా లాగి వదలండి. 8 అంకెలాంటి ముగ్గు పడుతుంది, వదిలిన తీరును బట్టి ఒక్కోసారి వంపు గీతగా మారుతుంది. ముడిని పైకి జరిపే ముందు, ఇప్పుడు బొమ్మ ఏమవుతుందో పిల్లల చేత ఊహించి కాగితం మీద రాయించండి. తర్వాత వదలండి.