అంటుకున్నదా? అంటించారా?

గుడిసె అంటుకుంది అంటాం. గుడిసెను అంటించారు అనీ అంటాం. వ్యాకరణానికి మొదటిది అకర్మక క్రియ, రెండవది సకర్మక క్రియ. చరిత్రకు ఈ తేడా ఇంకా పెద్దది. మొదటి వాక్యంలో నిప్పు పెట్టిన చెయ్యి కనిపించదు.

'అంటు' అంటే తాకడం. నిప్పు తాకితే అంటుకుంటుంది. ఒకరి నుంచి ఒకరికి సోకే రోగం అంటువ్యాధి. తాకరాదని వూరవతలికి నెట్టిన మనుషులను 'అంటరానివారు' అన్నదీ ఈ మాటతోనే. వాళ్ళ గుడిసెలను తాకడానికి నిప్పుకు మాత్రం ఏ మైలా అడ్డు రాలేదు.

1968 డిసెంబరు 25 రాత్రి, నాటి తంజావూరు జిల్లాలోని కీళవెణ్మణిలో, కూలి పెంచమన్న దళిత వ్యవసాయ కార్మికుల పేట మీద భూస్వాముల మూక దాడి చేసింది. ప్రాణభయంతో ఒకే గుడిసెలో తలదాచుకున్న 44 మంది కాలిపోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. కింది కోర్టు భూస్వాములకు వేసిన శిక్షలను మద్రాసు హైకోర్టు కొట్టివేసింది. ఈ ఘటనను 'గుడిసె అంటుకొని 44 మంది మరణించారు' అని తెలుగులో రాయవచ్చు. అందులో ఏ మాటా తప్పు కాదు. అయినా అది హంతకుల పక్షాన నిలబడిన వాక్యం.

నివురు కింది నిప్పు మంటగా మారడాన్ని 'రాజుకోవడం' అంటాం. ఉద్యమాల గురించి రాసేటప్పుడు మనం ఎక్కువగా వాడే మాట ఇది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖ్ గూండాల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. దానితో తెలంగాణ పోరాటం రాజుకుంది అంటాం. కాని రాజుకోవడానికి ముందే పుల్లలు ఎండి వుండాలి, వాటిని ఎవరో పేర్చి వుండాలి. వెట్టి, లెవీ ధాన్యం, భూముల ఆక్రమణ జనాన్ని ఎండబెట్టాయి. రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 1944లో జరిగిన భువనగిరి సభ తరువాత ఆంధ్ర మహాసభ సంఘాలు పల్లెపల్లెకూ పాకాయి. వెట్టికి ఎదురుతిరిగే ధైర్యం అక్కడ పెరిగింది. కొమరయ్య ఆ వూరేగింపులో నడిచింది సంఘం మనిషిగానే. ఈ పనినంతా వదిలి నిప్పురవ్వ ఒక్కదాన్నే చెబితే పోరాటం పిడుగుపాటులా కనిపిస్తుంది.

దహనకాండ గురించి రాసినప్పుడు ఈ క్రియలు హంతకుణ్ణి దాస్తాయి. పోరాటం గురించి రాసినప్పుడు దాన్ని నిర్మించినవాళ్ళను దాస్తాయి. ఈ మాటలను వదులుకోనక్కర లేదు. కాని వాటిని రాసిన ప్రతిచోటా కర్త ఎవరని రచయిత తనను తాను ప్రశ్నించుకోవాలి. తెలిస్తే ఆ పేరు వాక్యంలో పెట్టాలి.