డెబ్బది ఆరవ యేట మరల తెలుగుదేశమునకు



మన పల్లెలలో ఒకరికి ఉద్యోగము ముగిసిన దినమున పూలదండ వేసి, శాలువ కప్పి, ఇంటివరకు సాగనంపుదుము. మరునాటి ఉదయము ఆ మనిషి అరుగుమీద కూర్చుండి ఏమి తలంచునో అడుగువారు అరుదు. ముప్పది యేండ్లు పాఠము చెప్పిన పంతులుగారికి బడిగంట వినబడుచునే యుండును గాని, అది ఇక ఆయన కొరకు కాదు. పింఛను వచ్చుచున్నను, ఇక నావలన ఎవరికి పని యను ప్రశ్న ఆయనను వదలదు. ఈ ప్రశ్నకు మన గుంటూరు సంఘ చరిత్రలోనే ఒక జవాబు కలదు.

మన పెద్దలు ఫాదర్ హయ్యరు అని పిలిచిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారు 1793 జూలై 10న జర్మనీలో జన్మించి, చిన్నతనముననే అమెరికా చేరి, అచ్చట బోధకులైరి. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టునాటికి ఆయనకు 49 యేండ్లు. భార్య అప్పటికే మరణించెను. 1832-33 నాటి నందన కరువు ఈ సీమను తుడిచిపెట్టి పదియేండ్లే గడచినవి. కలెక్టరు హెన్రీ స్టోక్సుగారు ఆదరింపగా, హయ్యరుగారు బడులు పెట్టి సేవ ఆరంభించిరి. 1845లో ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయిరి. అచ్చట ఊరకుండక వైద్యము చదివి, 1847లో పట్టము పొంది, మరల వచ్చిరి. ఈ మారు పలనాటి గురజాల వరకు పోయి పనిచేసిరి. 1857లో సెలవు తీసికొనునాటికి అరువది దాటినవి. అయినను అమెరికాలో, మంచు కురియు మిన్నెసోటా ప్రాంతమున క్రొత్త కాపురములవారిని సంఘములుగా కూర్చిరి.

ఇంతలో 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. ఆ దేశపు పత్తి ఆగిపోగా మన నల్లరేగడి పత్తికి ధర పెరిగి రైతు చేతిలో రూపాయి ఆడెను. కాని అదే యుద్ధమువలన మిషనుకు ధనమును మనుష్యులును కరవైరి. కడకు రాజమండ్రి, సామర్లకోట క్షేత్రములను వేరొక మిషనుకు అప్పగింప తలంచిరి. ఈ సంగతి విని వృద్ధుడైన హయ్యరుగారు ఊరుకొనలేదు. 1869లో పెన్సిల్వేనియా మహాసభలో, ఆ క్షేత్రమును విడువవద్దనియు, ఎవరును లేనియెడల తానే పోవుదుననియు ముందుకు వచ్చిరి. డెబ్బది ఆరవ యేట మూడవమారు సముద్రము దాటి రాజమండ్రి చేరిరి.

చదువరీ, ఇచ్చట ఒక సంగతి గమనింపుము. ఆయన మరల పెత్తనము చేయుటకు రాలేదు. చెదరిన పనిని కూడగట్టి, 1870లో యువకుడైన ష్మిట్ గారు వచ్చువరకు తలుపు తెరచి పట్టుకొనిరి. ఆయన రాగానే పని అప్పగించి, 1871లో వెడలిపోయిరి. ఫిలడెల్ఫియాలో బోధకులు కాబోవు పడుచువారి నడుమ ఇంటిపెద్దగా మిగిలిన దినములు గడిపి, 1873 నవంబరు 7న, 80వ యేట కన్నుమూసిరి. ఆయన నిలిపిన రాజమండ్రి క్షేత్రమును, తొలుత నాటిన గుంటూరు క్షేత్రమును 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘములో ఒకటైనవి.

సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయములో లేవీయులకు ఇట్టి నియమమే కనబడును. ఏబది యేండ్లు నిండినవాడు బరువుపని మానవలెను. అయినను తన సహోదరులకు తోడుగా ఉండవచ్చును. బరువు దించుమనెనే గాని, గుడారమును విడిచి పొమ్మనలేదు.

మన మిరపకల్లము చూడుడు. బస్తాలు మోయుట పడుచువారి వంతు. తాలుకాయ ఏరుటకును, విత్తనమునకు మంచి కాయ తీయుటకును ముసలికన్ను కావలెను. ముసలివాడు బస్తా ఎత్తబోయిన నడుము విరుగును. పడుచువాడు తాతనడుగక విత్తనము తీసిన పైయేటి చేను చెడును.

అందరును సముద్రము దాటనక్కరలేదు. మోకాళ్లు నొచ్చువారు వీధి దాటుటయే గొప్ప. సాయంకాలము నలుగురు పిల్లలకు అక్షరములు దిద్దించుట, వితంతువు పింఛను కాగితము వ్రాసిపెట్టుట, మంచముపట్టినవాని ప్రక్కన గడియసేపు కూర్చుండుట, ఇవియు సేవయే. అయితే పెద్దలారా, సంఘపు తాళపుచెవులు చేతబట్టుకొని, నేను లేనిదే జరుగదనకుడి. పడుచువారలారా, శాలువ కప్పి మరచిపోకుడి. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మీ యూరి పాత పంతులుగారి అరుగుమీద కూర్చుండి, ఆయనకు తెలిసిన దానిని అడుగుడి.

ప్రభువు మన సాయంకాలమును ఉదయమువలెనే వాడుకొనును గాక.