కారు రానివాళ్ళు విమానం ఎక్కొచ్చా?

పైలెట్ కోర్సులో చేరాలంటే ముందు కారు లైసెన్సు చూపించాలిట, నిజమేనా అండీ అని సీతమ్మధారలో మా వీధావిడ ఒకరు అడిగారు. వాళ్ళమ్మాయికి పదిహేడు నిండాయి. కళ్ళద్దాలు లేనిదే గడియారం కనిపించదు, స్కూటరు హేండిలు పట్టుకుని ఎరగదు. అమెరికాలో వున్న బంధువెవరో ఫోన్లో ఈ మాట చెప్పారట. ఇంక ఆ పిల్లకి అన్నం సయించడం లేదు. నవలలు రాసుకునేదాన్ని, విమానాల సంగతి నాకేం తెలుస్తుంది? మా డాబా మీదనుంచి నేవీ విమానం పోతుంటే తలెత్తి చూడడం తప్ప! అయినా అడిగారు గదా అని పుస్తకాలు తిరగేస్తే ఈ కథ చాలా దూరమే పోయింది.

ముందు జవాబు చెప్పేస్తాను. మన దేశంలో కారు లైసెన్సు అక్కర్లేదు. నవ్వకండి, పదహారేళ్ళకే స్టూడెంట్ పైలెట్ లైసెన్సు ఇస్తారు, పదిహేడుకి ప్రైవేటు పైలెట్ లైసెన్సు. కారుకి మాత్రం పద్ధెనిమిది నిండాలి. అంచేత విమానం నడిపే పిల్లని విమానాశ్రయందాకా కారులో దింపి రావలసింది తండ్రే అన్నమాట!

చరిత్రలో కూడా విమానానిదే ముందు వరస. ఇంగ్లండులో రాయల్ ఏరో క్లబ్బువారు 1910లోనే పైలెట్లకి సర్టిఫికెట్లు ఇచ్చారు. కొత్తగా కారు నేర్చుకునేవాళ్ళకి పరీక్ష తప్పనిసరి చేసింది 1935లో. మన దగ్గర జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10న మొదటి లైసెన్సు అందుకున్నారు. 1936లో లాహోరులో సరళా థక్రాల్ చీరకట్టుతోనే జిప్సీమాత్ విమానం ఎక్కి లైసెన్సు సంపాదించారు. అప్పటికి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు సైకిలు తొక్కడమే వింత.

మరి ఆ బంధువు అన్నది అబద్ధమా అంటే, కాదు. అది తెలియాలంటే మెడికల్ సంగతి చెప్పాలి.

మెడికల్ అంటే ఏమిటో మన వూళ్ళో విడమర్చి చెప్పక్కర్లేదు. రైల్వే కానీ, పోర్టు కానీ, స్టీల్‌ప్లాంటు కానీ, రాతపరీక్ష నెగ్గినవాడు కూడా “ఇంకా మెడికల్ వుంది” అని స్వీట్లు పంచడం వాయిదా వేస్తాడు. అసలీ వ్యవహారంలో రంగుల పరీక్ష మొదలైంది రైళ్ళతోనే. 1875లో స్వీడన్‌లో లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్ళు గుద్దుకున్నాయి. సిగ్నలు రంగు పోల్చుకోలేకపోవడమే కారణమేమోనని హోమ్‌గ్రెన్ అనే ప్రొఫెసరుకి అనుమానం వచ్చింది. ఆయన రంగురంగుల ఊలు చుట్టలు ముందర పోసి, సరిపోలినవి ఏరమని రైల్వే ఉద్యోగులకి పరీక్ష పెట్టాడు. తరవాత 1917లో జపానులో ఇషిహారా అనే డాక్టరు చుక్కల్లో అంకెలు దాచిన బొమ్మలు తయారుచేశాడు. ఈనాటికీ కంటిడాక్టర్లు చూపించేవి అవే. రంగులతో విమానానికేం పని అంటారేమో, దాని ఎడమ రెక్క చివర ఎర్రదీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చదీపం వుంటాయి. మన పోర్టులోకి వచ్చే ఓడలకీ అదే లెక్క. చీకట్లో ఎదటిది వస్తోందో పోతోందో ఆ రంగుల్ని బట్టే తెలియాలి.

మొదటి ప్రపంచయుద్ధంలో అయితే అమెరికావాళ్ళు పైలెట్ అవుతానని వచ్చిన కుర్రాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పేవారు, చెవిలోని తూకం చూడ్డానికిట. తీర్థంలో రంగులరాట్నం ఎక్కి వాంతి చేసుకునే నాబోటిదాని గతి ఏమయ్యేదో! యుద్ధం అయ్యాక 1926లో అక్కడ చట్టం వచ్చింది. లూయీ బావర్ అనే సైనిక వైద్యుడి ఆధ్వర్యాన, మరుసటేడు మొదలుకుని, ఊళ్ళల్లో డాక్టర్లని ఎంపికచేసి పైలెట్ల పరీక్ష వాళ్ళకి అప్పగించారు.

దాదాపు ఎనభై ఏళ్ళు అలా గడిచాక 2004లో అమెరికా ప్రభుత్వం చిన్న సడలింపు ఇచ్చింది. సరదాకి రెండు సీట్ల తేలికపాటి విమానం నడిపేవాళ్ళు వేరే మెడికల్ చేయించుకోనక్కర్లేదు, చెల్లుబాటులో వున్న కారు లైసెన్సే ఆరోగ్యానికి సాక్ష్యం అంది. ఇదీ ఆ బంధువుగారి చెవిన పడ్డ ముక్క. కారు లైసెన్సు లేనివాళ్ళు అక్కడ కూడా మామూలుగా డాక్టరు దగ్గరికి వెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చుకోవచ్చు, దారి మూసెయ్యలేదు. తిరకాసు ఇంకోచోట వుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళి కాదనిపించుకుంటే, ఆ తరవాత కారు లైసెన్సు చూపిస్తానంటే కుదరదు.

మన దేశంలో ఆ సడలింపు లేదు, అందరూ డాక్టరు ముందు నిలబడవలసిందే. నన్నడిగితే అదే మంచిది. కారు లైసెన్సుకి నలభై లోపువాళ్ళు “నాకే జబ్బూ లేదు” అని తామే సంతకం పెట్టిస్తే చాలు. ఆ కాయితాన్ని నమ్ముకుని ఆకాశంలోకి పంపడమా? ఇక్కడ ముందు క్లాస్ 2 మెడికల్, ఉద్యోగం చెయ్యాలంటే క్లాస్ 1. కళ్ళద్దాలు పెట్టుకున్నా ఫరవాలేదు, అద్దాలతో ఒక్కో కన్నూ 6/9, రెండూ కలిసి 6/6 చూడగలగాలి. అయితే ఒక్కమాట. కోర్సుకి లక్షలు పోయాలి. స్థలం అమ్మి ఫీజు కట్టేసి ఆనక మెడికల్‌కి వెళ్ళడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మెడికల్ ముందు, ఫీజు తరవాత.

మరి మెడికల్‌లో పోతే? మన గుంటూరు పిల్ల బండ్ల శిరీష అమెరికాలో ఎయిర్‌ఫోర్సు పైలెట్ అయ్యి, ఆ దారిన వ్యోమగామి కావాలనుకుంది. చూపు సరిపోక ఆ దారి మూసుకుపోయింది. ఇంజనీరింగు చదివి ఇంకో దారిన వెళ్ళి 2021 జూలై 11న అంతరిక్షం అంచు చూసి వచ్చింది. అంతకంటే వింత, నూనెబావుల్లో ప్రమాదం జరిగి ఒక కన్ను పోయిన వైలీ పోస్ట్ 1933లో ఒంటరిగా విమానంలో భూమి చుట్టి వచ్చాడు, ఎనిమిది రోజులు కూడా పట్టలేదు. అలాగని ఒంటికన్నువాళ్ళందరికీ లైసెన్సు ఇమ్మనడం లేదు లెండి.

నాకు మాత్రం డాక్టరు సరే అన్నాక కూడా ఎదురయ్యే గోడలే ఎక్కువ బాధ కలిగిస్తాయి. ప్రేమ్ మాథుర్ 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించింది. కన్ను బాగుంది, చెవి బాగుంది, కాయితాలన్నీ సవ్యంగా వున్నాయి. ఎనిమిది విమాన కంపెనీలు ఆవిణ్ణి కాదన్నాయి. ఆడది నడిపితే ప్రయాణీకులు ఎక్కరని భయం! చివరికి కో పైలెట్‌గా తీసుకున్నది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. 1949లో జాతీయ విమాన పందెంలో గెలిచింది ఆవిడే.