రాజుగారి దయ నుంచి హోంశాఖ ఫైలు దాకా

2012 జూన్‌లో, పదవి దిగిపోవడానికి కొద్ది వారాల ముందు, రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ కొందరు ఖైదీల ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చారు. అందులో ఒకడు కర్ణాటకలోని బెళగావి జైలు ఖైదీ. తీరా చూస్తే ఆ మనిషి జబ్బు చేసి 2007లోనే చనిపోయాడు. అతని అర్జీ ఐదేళ్ళ పాటు బెంగళూరుకూ ఢిల్లీకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఇంతకీ ఖైదీ బతికే ఉన్నాడా అని ఆ దారిలో ఒక్క గుమాస్తా కూడా ఆరా తీయలేదు.

క్షమాభిక్ష మీద గొడవ అనగానే ఇప్పుడు అందరి చూపూ అమెరికా వైపు పోతుంది. 2024 డిసెంబరులో జో బైడెన్ సొంత కొడుకును క్షమించారు. ఆ తర్వాతి నెలలోనే డోనాల్డ్ ట్రంప్ కుర్చీ ఎక్కిన రోజునే క్యాపిటల్ మీద దాడి కేసుల్లో ఉన్న దాదాపు 1500 మందికి ఊరట ఇచ్చారు. అక్కడ అధ్యక్షుడి సంతకం ఒక్కటే చాలు. మన రాష్ట్రపతి చేతిలో ఉన్నది వేరే వస్తువు. కాకపోతే రెండింటి వంశవృక్షం మొదలయ్యేది ఒక్కచోటే. అది ఇంగ్లండు రాజు ముద్ర.

మధ్యయుగాల ఇంగ్లండులో క్షమాపణ అనేది దయ ఎంతో, బేరం కూడా అంతే. సైన్యంలో చేరితే హత్యానేరం మాఫీ. డబ్బు కడితే ముద్ర వేసిన పత్రం. ఈ అధికారం రాజుకు తప్ప ఇంకెవరికీ లేదని ఎనిమిదో హెన్రీ 1535లో చట్టం చేయించుకున్నాడు. అంతకు ముందు కొన్ని ప్రాంతాల ప్రభువులు కూడా తమ ఇలాకాల్లో నేరస్తులను క్షమించేవారు. అసలు రభస 1679లో వచ్చింది. రెండో చార్లెస్ మంత్రి డాన్బీ మీద పార్లమెంటు అభిశంసన పెట్టింది. రాజు అడ్డుపడి అతనికి క్షమాపణ పత్రం రాసిచ్చాడు. రాజు మాట విని తప్పు చేసిన మంత్రిని రాజే క్షమించేస్తే ఇక పార్లమెంటు ఎందుకని సభ మండిపడింది. ఆ కోపమే 1701 వారసత్వ చట్టంలో ఒక వాక్యమై నిలిచింది. కామన్స్ సభ పెట్టిన అభిశంసనకు రాజముద్ర ఉన్న క్షమాపణ అడ్డు రాదు.

అమెరికన్లు 1787లో రాజ్యాంగం రాసుకునేటప్పుడు ఆ మినహాయింపును అలాగే ఉంచుకున్నారు. వర్జీనియాకు చెందిన జార్జ్ మేసన్ అప్పుడే ఒక అనుమానం లేవనెత్తాడు. అధ్యక్షుడు తాను స్వయంగా చేయించిన నేరాలకే క్షమాపణ ఇచ్చుకుంటే ఏమిటి దారి? అలెగ్జాండర్ హామిల్టన్ మాత్రం, దయ చూపే బాధ్యత ఒక్కడి మీద ఉంటేనే వాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడన్నాడు. 1974లో ఫోర్డ్ నిక్సన్‌ను క్షమించిన నాటి నుంచి చూస్తే మేసన్ అనుమానానికే పాయింట్లు ఎక్కువ పడుతున్నాయి.

మన దేశంలోకి ఈ అధికారం తెల్లదొరల వెంట వచ్చింది. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో శిక్ష తగ్గించే సెక్షన్లు పెట్టారు. రాజుగారి సొంత దయను వైస్రాయి చేతికి అప్పగించారు. 1935 భారత ప్రభుత్వ చట్టం 295వ సెక్షనులో దీన్నంతా ఒకచోట చేర్చింది. ఈ ఏర్పాటుకు అంతకు ముందే వచ్చిన పెద్ద పరీక్ష 1931 నాటి భగత్‌సింగ్ కేసు. మదన్‌మోహన్ మాలవీయ వైస్రాయి ఇర్విన్‌కు తంతి కొట్టారు. గాంధీజీ మాట్లాడారు. భగత్‌సింగ్ మాత్రం దయ అడగలేదు సరికదా, తాము యుద్ధఖైదీలం కాబట్టి ఉరి తీయకుండా కాల్చి చంపమని పంజాబు గవర్నరుకు రాశాడు. ఇర్విన్ కదల్లేదు. దయ చూపకపోవడం కూడా రాజకీయ నిర్ణయమేనని ఆ మార్చి 23న దేశమంతటికీ తెలిసొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభ ఈ పాత సరుకును పెద్దగా మార్చకుండా రెండు చోట్ల సర్దింది. రాష్ట్రపతికి 72వ అధికరణం, గవర్నరుకు 161. ఉరిశిక్ష కేసులన్నీ రాష్ట్రపతి పరిధిలోకి వస్తాయి. అభిశంసన మినహాయింపు మన పాఠంలో లేదు. ఎలా వాడాలి, ఎన్నాళ్ళలో తేల్చాలి, కారణం చెప్పాలా వద్దా అన్నవి కూడా అందులో లేవు. ఆ ఖాళీలను తర్వాతి డెబ్బై ఏళ్ళలో ఒక్కో వివాదం ఒక్కో రకంగా పూరిస్తూ వచ్చింది.

మొదటిది బొంబాయి నావికాధికారి నానావతి వ్యవహారం. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసులో 1960 మార్చిలో హైకోర్టు యావజ్జీవం వేసింది. ఆ రోజే గవర్నరు శ్రీప్రకాశ శిక్షను నిలిపేశారు. నావికాదళ అధికారి మామూలు జైలు గుమ్మం తొక్కకుండా చూడాలన్నదే ఆ తొందర. అప్పీలు తమ ముందుండగా గవర్నరు అలా చేయకూడదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. చివరికి 1964లో మరో గవర్నరు విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష ఇచ్చారు. పత్రికలూ పలుకుబడీ కలిస్తే ఎంత పని జరుగుతుందో ఈ కేసు చూపించింది.

ఆ రెండూ లేని వాళ్ళ గతి చూడాలంటే ఆదిలాబాద్ జిల్లాకు రావాలి. భూమయ్య, కిష్టగౌడ్ రైతాంగ పోరాటంలో ఉన్నవాళ్ళు. భూస్వామి హత్య కేసులో వారికి ఉరి పడింది. ఇది రాజకీయ నేరం, దొంగతనం కోసమో పగ కోసమో చేసిన హత్యతో దీన్ని ఒకే కాటాలో తూచకూడదని పౌరహక్కుల వాళ్ళు, న్యాయవాది కన్నబిరాన్ వాదించారు. ఒకసారి ఉరి చివరి ఘడియల్లో ఆగింది. మళ్ళీ అర్జీలు, మళ్ళీ తిరస్కారాలు. సుప్రీంకోర్టులో కేసు జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు వచ్చింది. మరణశిక్ష అంటే ఆయనకు గిట్టదు. అంతకు ముందు ఏడాది ఆంధ్రప్రదేశ్‌కే చెందిన ఒక యువతి ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చిందీ ఆయనే. అయినా ఈసారి, దయ చూపాల్సింది రాష్ట్రపతి, కోర్టు ఆ కుర్చీలో కూర్చోలేదంటూ అర్జీని కొట్టేశారు. అదే తీర్పులో, ఈ అధికారాన్ని మరీ దుర్బుద్ధితో వాడితే కోర్టు చేతులు కట్టుకు కూర్చోదన్న సూచన కూడా చేశారు. 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీ నడుస్తుండగా, ముషీరాబాద్ జైల్లో ఇద్దరినీ ఉరి తీశారు. ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్నది ఆ జైలు స్థలంలోనే. కృష్ణయ్యర్ విసిరిన ఆ సూచన మొలకెత్తడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ఉన్న కాలంలో జరిగిన ఒక సంగతి తెలుగువాళ్ళకు అంతగా గుర్తున్నట్టు లేదు. ఉత్తరప్రదేశ్‌లో ఒకే నేరానికి ముగ్గురికి ఉరి పడింది. ఒకరి శిక్షను సుప్రీంకోర్టు తగ్గించింది. ఇంకొకరి అప్పీలు కోర్టు కొట్టేసింది, 1981 అక్టోబరులో ఉరి కూడా తీసేశారు. మూడోవాడి క్షమాభిక్షను రాష్ట్రపతి తిరస్కరించాక ఈ తేడా కోర్టు కంటపడింది. న్యాయమూర్తులు గతుక్కుమన్నారు. దయచేసి మళ్ళీ ఆలోచించమని రాష్ట్రపతికి కోర్టే విన్నవించుకోవాల్సి వచ్చింది. క్షమాభిక్ష అక్కర్లేదు, కోర్టులే చాలు అనేవాళ్ళు చదవాల్సిన కేసు ఇది.

ఇంతకీ నిర్ణయం ఎవరిది? సంతకం రాష్ట్రపతిది, మనసు మంత్రిమండలిది అని 1980లో మారూరాం కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, రాష్ట్రపతి కరిగినా హోంశాఖ కరగకపోతే పని కాదు. 1978 నాటి 44వ సవరణ పుణ్యమా అని ఆయన ఫైలును ఒక్కసారి వెనక్కి పంపగలరు. పంపకపోతే? తన దగ్గరే పెట్టుకుని ఊరుకోవచ్చు. దానికి గడువు లేదు. చాలామంది రాష్ట్రపతులు ఆ దారే పట్టారు. అబ్దుల్ కలాం ఐదేళ్ళలో తేల్చిన ఫైళ్ళు రెండే. ఇందిరాగాంధీ హత్యకేసులో కేహర్‌సింగ్ అర్జీ మీద, కోర్టు తేల్చిన సాక్ష్యాల్లోకి తాను వెళ్ళలేనని వెంకట్రామన్ అన్నారు. వెళ్ళొచ్చు, కోర్టుకు కనిపించనిది మీకు కనిపించొచ్చు అని 1988 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మూడు వారాలు గడిచాయో లేదో కేహర్‌సింగ్‌ను ఉరి తీశారు.

వెళితే ఏమవుతుందో చిలకలూరిపేట కేసు చెబుతుంది. 1993 మార్చి 8న హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళుతున్న బస్సును దోచుకోవడానికి వచ్చిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. సుప్రీంకోర్టు 1996లో ఉరి ఖాయం చేసింది. శంకర్‌దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. ఉరికి ముహూర్తం కూడా పెట్టాక 1997 మార్చి చివర్లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇద్దరూ దళితులు. దళితుల మీద జరిగిన కారంచేడు, చుండూరు మారణకాండల్లో ఎవరి మెడకూ చుట్టుకోని తాడు వీళ్ళ మెడకే ఎందుకని అడిగినవాళ్ళు ఉన్నారు. 23 ప్రాణాలకు జవాబేదని అడిగినవాళ్ళూ ఉన్నారు. రచయిత్రి మహాశ్వేతాదేవి సహా ఎందరో వారి ప్రాణాల కోసం విజ్ఞప్తి చేశారు. ఆ జులైలో రాష్ట్రపతి అయిన కె.ఆర్.నారాయణన్ ముందుకు రెండో అర్జీ వచ్చింది. 1998లో ఉరి యావజ్జీవంగా మారింది.

కేసు అదే, సాక్ష్యాలు అవే. రాష్ట్రపతి మారితే ఫలితం మారింది. ఎందుకు మారిందో కారణాలు చెప్పిన ఉత్తర్వు ఏదీ జనం ముందుకు రాలేదు. ఆ నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం. అయినా, బస్సులో అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబాలకు ఒక పేజీ సమాధానమైనా రాసివ్వాల్సింది. దయ చూపాలా వద్దా అని మనం కొట్టుకునే వాదనలో సగం, కారణం చెప్పకపోవడం వల్ల పుట్టిందే.

కారణం రాస్తే మాత్రం ఏమవుతుంది? కర్నూలు జిల్లా జవాబు చెప్పింది. హత్య కేసులో పదేళ్ళ శిక్ష పడిన ఒక కాంగ్రెస్ నాయకుడికి 2005 ఆగస్టులో గవర్నరు సుశీల్‌కుమార్ షిండే శిక్షలో మిగిలిన భాగం మాఫీ చేశారు. ఆయన భార్య అప్పుడు ఎమ్మెల్యే. హతుడి కొడుకు ఈపూరు సుధాకర్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఫైలు తెప్పించి చూస్తే, ఖైదీ మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న ముక్క అధికారుల నివేదికలోనే కనబడింది! 2006 అక్టోబరులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కులం, మతం, పార్టీ చూసి దయ పంచితే కోర్టు జోక్యం చేసుకుంటుందని స్పష్టంగా రాసింది. 1975లో కిష్టగౌడ్ తీర్పులో పడిన విత్తనం ఇదే. దాన్ని మొలిపించిందీ ఆంధ్రప్రదేశ్ కేసే. ఇంకో విచిత్రం ఏమిటంటే, షిండే తర్వాత కేంద్ర హోంమంత్రి అయ్యారు. ముంబై దాడుల కేసులో కసబ్ ఫైలూ, పార్లమెంటు దాడి కేసులో అఫ్జల్ గురు ఫైలూ ఆయన బల్ల మీదుగానే నడిచాయి. 2013 ఫిబ్రవరిలో అఫ్జల్ గురును ఉరి తీశాక గానీ ఆ కబురు మోసుకెళ్ళిన ఉత్తరం కుటుంబానికి చేరలేదు.

2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు ఒక్కసారిగా 15 ఉరిశిక్షలను రద్దుచేసి యావజ్జీవం చేసింది. ఏళ్ళ తరబడి కారణం లేకుండా అర్జీని నానబెట్టడమే హింస అంది. తిరస్కరించాక ఉరికి ముందు కనీసం 14 రోజులు గడువివ్వాలంది. మరుసటి నెలలో అదే కారణంతో రాజీవ్ హత్యకేసు దోషులు ముగ్గురికి ఉరి తప్పింది. వారిలో పేరరివాళన్‌ను విడిచిపెట్టాలని తమిళనాడు మంత్రివర్గం 2018లో సిఫారసు చేస్తే గవర్నరు ఏళ్ళ పాటు కదలక, ఆఖరికి రాష్ట్రపతికి తోసేశారు. 2022 మేలో సుప్రీంకోర్టే తన అధికారంతో అతన్ని విడుదల చేసింది. కదలని దయను కోర్టు తన చేతుల్లోకి తీసుకుందన్నమాట.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 472వ సెక్షను మెర్సీ పిటిషన్‌కు చట్టపరంగా మొదటిసారి గడువులు పెట్టింది. ఉరి ఖాయమైందని తెలిసిన 30 రోజుల్లో ఖైదీ అర్జీ పెట్టుకోవాలి. గవర్నరు కాదంటే 60 రోజుల్లో రాష్ట్రపతికి పెట్టుకోవాలి. కేంద్రం తన సిఫారసు 60 రోజుల్లో పంపాలి. రాష్ట్రపతికి మాత్రం గడువు లేదు. అదే సెక్షను చివర్లో ఇంకో మాట ఉంది. రాష్ట్రపతి ఉత్తర్వు మీద ఏ కోర్టులోనూ అప్పీలు చేయకూడదు, ఎలా నిర్ణయించారన్నది ఏ కోర్టూ విచారించకూడదు. కేహర్‌సింగ్, ఈపూరు సుధాకర్, శత్రుఘ్న చౌహాన్ తీర్పులన్నీ నిలబడింది సరిగ్గా ఆ ప్రశ్న వేసే హక్కు మీదే. ఆ హక్కు 32, 226 అధికరణాల నుంచి వచ్చింది. పార్లమెంటు చేసిన మామూలు చట్టం దాన్ని ఊడబెరకలేదు. ఈ సెక్షను కింద తిరస్కారం అందుకున్న మొదటి ఖైదీ తరఫు వకీలు కోర్టులో ఎత్తుకునే మొదటి వాదన అదే అవుతుంది.