ముత్యం వెనకాల బరువు

భద్రాచలం రాములవారి కల్యాణంలో ముత్యాల తలంబ్రాలు చూసినప్పుడల్లా మనకి కళ్లు చెమరుస్తాయి. గోల్కొండ తానీషా కాలం నుంచి వస్తున్న ఆచారం అంటారు. అదేం విచిత్రమో గానీ, చుట్టూ వందల కిలోమీటర్ల దూరం వరకూ సముద్రమే లేని మన హైదరాబాదుకి ముత్యాల నగరం అని పేరు. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో దండలు బేరమాడని ఆడవాళ్లు మనలో ఎందరుంటారు? 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకి కొన్న నిజాం నగల్లో ఏడు పేటల బస్రా ముత్యాల హారం కూడా ఉంది. బస్రా ముత్యం అంటే పర్షియన్ గల్ఫ్‌లో తీసిన ముత్యం. ఇటు మన దక్షిణాన మన్నారు సింధుశాఖ ఇంకొక గని.

కావ్యాల్లోనైతే స్వాతి చినుకు చిప్పలో పడి ముత్యమవుతుంది. బి.ఏ. తెలుగులో అలాగే చదువుకున్నాం. ఆ చిప్పని పైకి తెచ్చిన మనిషి గురించి మాత్రం ఏ పద్యంలోనూ చదివిన గుర్తు లేదు. ఆ మనిషి మొదటి కష్టం ఊపిరి అనుకుంటాం. కాదు, తేలిపోవడం. ఉప్పునీళ్లు ఒంటిని పైకి తోసేస్తాయి. ఉన్న ఒక్క నిమిషం ఊపిరీ కిందికి ఈదడానికే అయిపోతే చిప్పలు ఏరేదెప్పుడు? అందుకని తాడుకి కట్టిన పెద్ద రాయి మీద కాలు పెట్టుకుని దిగేవాళ్లు. అడుగుకి చేరగానే రాయి వదిలేస్తే పడవలో ఉన్నవాడు దాన్ని పైకి లాగేసేవాడు. చిప్పలు బుట్టలో వేసుకుని తాడు కుదిపితే మనిషినీ లాగేవాడు. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం 'పెరిప్లస్' అయితే, పాండ్యుల కొర్కై రేవు దగ్గర ముత్యాలు తీయించింది శిక్ష పడిన ఖైదీల చేత అని రాసింది.

ఈ చరిత్రంతా నేను తవ్వుకోవడానికి కారణం మా అక్క కూతురు. డల్లాస్‌లో ఉద్యోగం, అక్కడే స్కూబా డైవింగ్ నేర్చుకుంది. ఈసారి సెలవులకి వచ్చి అండమాన్ వెళ్తానంది. "పిన్నీ, నా సీసం బరువులు పదహారు పౌండ్లు. మోసుకు రానా, అక్కడ దొరుకుతాయా?" అని ఫోన్. మేముండేది భానూర్‌లో. నీళ్లంటే చెరువు, లేదంటే మంజీర. నన్నడిగితే నాకేం తెలుసు! కానీ పెట్టెలు సర్దేది నేను కదా, తెలుసుకోవాల్సొచ్చింది.

బరువు కట్టుకుని దిగే పని మగవాళ్లదే అనుకోకండి. జపాన్‌లో 'అమా' అనే ఆడవాళ్లు తరతరాలుగా దిగుతున్నారు. వాళ్లలో పడవ మీద వెళ్లేవాళ్లు బరువైన గుండు పట్టుకుని దిగుతారు. పైన పడవలో తాడు పట్టుకునేది చాలాసార్లు భర్తే. ఆ తాడు మీద ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. కొరియాలోని జెజు ద్వీపంలో 'హేన్యో' అమ్మలున్నారు. అరవై డెబ్భై ఏళ్ల వయసులో కూడా దిగుతారు. 2016లో యునెస్కో వాళ్ల సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ల కథలోనే మా అక్క కూతురి ప్రశ్నకి సగం జవాబు దొరికింది. పూర్వం వాళ్లు నూలు బట్టలతోనే దిగేవాళ్లు. 1970లలో రబ్బరు సూట్లు వచ్చాయి. చలి తగ్గింది, ఎక్కువసేపు ఉండగలిగారు. కానీ ఆ రబ్బరులో గాలి బుడగలుంటాయి, అది తేలుతుంది. దాన్ని ముంచడానికి నడుముకి సీసం కట్టుకోవాల్సొచ్చింది.

సీసం అంతకుముందే సముద్రంలోకి దిగింది. మన జాలరుల వలకి ఉండేవీ సీసపు గుండ్లేగా! 1837 ప్రాంతంలో లండన్‌లో ఆగస్టస్ సీబ్ తయారుచేసిన రాగి శిరస్త్రాణం, మూసిన దుస్తులతో దిగేవాళ్లకి ఛాతీ మీద సీసం, వీపు మీద సీసం, బూట్ల అడుగున కూడా సీసమే. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ కలిసి వీపున సిలిండరుతో స్వేచ్ఛగా ఈదే పరికరం చేశారు. అప్పటినుంచి బరువు పని మారిపోయింది. అడుగుకి దించడం కాదు, మునగకుండా తేలకుండా మధ్యలో నిలబెట్టడం.

ఇక లెక్క. వంటలో ఉప్పు కొలతలాంటిదే, ఊరు మారితే నీళ్లు మారతాయి. మా పిల్ల దిగేది అమెరికాలో చల్లటి మంచినీళ్ల చెరువులో, 7 మిల్లీమీటర్ల మందం సూటుతో. అండమాన్‌లో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, 3 మిల్లీమీటర్ల సూటు చాలు. సూటు పల్చబడితే సీసం బాగా తగ్గుతుంది. కానీ ఉప్పునీళ్లు మంచినీళ్ల కన్నా రెండున్నర శాతం బరువు, అంతమేరకు పైకి తోస్తాయి. మనిషీ సామానూ కలిపి 85 కిలోలనుకుంటే, ఇంకో రెండు కిలోలు కలపాలి. హైదరాబాదులో ఈతకొలనులో నేర్చుకుని సముద్రానికి వెళ్లే పిల్లలకీ ఈ రెండు కిలోల తేడా వర్తిస్తుంది.

ఇంకో సంగతి, గాలికీ బరువుంది. మామూలు అల్యూమినియం సిలిండరులో నిండా గాలి ఉంటే ఆ గాలే రెండున్నర కిలోల పైన తూగుతుంది. పీల్చేకొద్దీ సిలిండరు తేలికై, చివర్లో మనిషిని పైకి లాగుతుంది. పైకి వచ్చేముందు ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాలి కదా, బరువు చాలకపోతే అక్కడ నిలవలేరు. అలాగని ఎక్కువ కట్టుకుంటే మునిగిపోతారు. దాన్ని సరిచేయడానికి జాకెట్‌లో గాలి నింపుతారు. పైకి వస్తుంటే ఆ గాలి వ్యాకోచించి విసురుగా లాగేస్తుంది. అందుకే దిగేముందు ఒక పరీక్ష చేస్తారు. జాకెట్‌లో గాలి తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి బిగబట్టి నిలబడితే నీళ్లు కళ్ల దాకా రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. సిలిండరు నిండుగా ఉంటే, తరగబోయే గాలికి సరిపడా రెండు కిలోలు కలుపుకోవాలి.

మా ఊళ్లో బీడీఎల్ ఫ్యాక్టరీ ఉంది. అదే సంస్థ విశాఖ యూనిట్‌లో టార్పెడోలు చేస్తారు. అభ్యాసానికి వాడే వరుణాస్త్ర టార్పెడో పని అయ్యాక పైకి తేలి మళ్లీ చేతికి దొరికేలా చేస్తారట. యంత్రం విషయంలోనే అంత జాగ్రత్త పడుతున్నప్పుడు మనిషి విషయంలో పడొద్దూ!

పెట్టె సంగతికి వస్తే, బరువులు మోయక్కర్లేదు. డైవింగ్ సెంటర్లు సిలిండరుతోపాటు సీసం కూడా ఇస్తాయి. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా ఇచ్చేది పదిహేను కిలోలు, అందులో సగం సీసానికెందుకు? పైగా ఎక్స్‌రేలో సీసం నల్లటి ముద్దలా కనబడి పెట్టె విప్పించేస్తారు. ఖాళీ బెల్టు పెట్టుకుంటే చాలు. ముందే ఫోన్ చేసి అడగాలి, అక్కడ చెప్పేది కిలోలా పౌండ్లా అని కూడా. కిలోకి రెండు పాయింట్ రెండు పౌండ్లు. "పది" అని వినేసి కట్టుకుంటే సగానికి సగం తేడా. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏదీ తినొద్దనీ చెప్పాను.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది బకిల్ గురించి. ప్రమాదాల్లో పోయిన డైవర్లలో చాలామంది ఒంటిమీద సీసం అలాగే ఉండి దొరికారని, డైవర్ల భద్రత చూసే డాన్ సంస్థ నివేదికలు ఏళ్లుగా చెప్తున్నాయి. ప్రాణం మీదికొస్తే బరువు వదిలేయాలి, ఖరీదు చూడకూడదు. మన్నారులో దిగినవాళ్లు రాయి వదిలేశాకే పైకి వచ్చేవాళ్లు. కళ్లు మూసుకుని ఒక్క చేత్తో విప్పడం ఒడ్డునే పదిసార్లు అలవాటు చేసుకోమన్నాను. "అలాగే పిన్నీ" అంది. అక్కడ పరీక్ష చేసి చూస్తే దానికి నాలుగు కిలోలే సరిపోయాయట. ఆ అంకె, సూటు మందం, ఉప్పునీళ్లు అని కూడా పుస్తకంలో రాసుకోమన్నాను, వచ్చేసారికి పనికొస్తుంది.

మీ పిల్లలెవరైనా ఇలా బయల్దేరుతుంటే, "నీ బరువెంత, ఎలా విప్పుతావు?" అని ఈ రెండూ అడగండి. మన అమ్మలు "గొడుగు పెట్టుకున్నావా?" అని అడిగేవాళ్లు కదా, అలాగే.