ఉస్తాదు నిజంగా అంత తొందరగా పాడారా?

మా నానాగారి ట్రంకుపెట్టెలో ఒక గ్రామఫోను ప్లేటు ఉండేది. లేబులు చెరిగిపోయి పాడినవారెవరో తెలియదు. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క ఉస్తాదు పేరు చెప్పేవారు. తీన్‌తాళ్‌లో ఖయాల్, పక్కన హార్మోనియం. కీ ఇచ్చి సూది పెట్టగానే పాట రైలు బండిలా పరుగెత్తేది. "మీ కాలం ఉస్తాదులకి ఇంత తొందరేమిటి నానా?" అని మేము కుర్రతనంలో నవ్వేవాళ్లం. ఉరుసుల్లో, మెహఫిళ్లలో రాత్రుళ్లు కూర్చుని పాట విన్న మనిషి ఆయన. "వాళ్లు అలా పాడలేదురా, నేను విన్నాను గదా" అనేవారు. ఆయన మాటను మేము ముసలివాళ్ల మురిపెం కింద కొట్టిపారేశాం. తర్వాత చాలా ఏళ్లకు గాని దాన్ని లెక్క కట్టి చూడాలని మాకు తోచలేదు.

పాట నడకను లెక్కకట్టడం చూడబోతే తేలికే. సెకన్ల ముల్లున్న గడియారం ముందు పెట్టుకుని మాత్రలు లెక్కపెట్టాలి. అయితే అందరూ చేసే తప్పొకటి ఉంది. మొదటి దెబ్బకే 'ఒకటి' అంటారు. ఆ దెబ్బ దగ్గర కాలం ఇంకా నడవలేదు గనుక దాన్ని సున్నా అనాలి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే ఒక దెబ్బ పొరపాటు నాలుగవుతుంది. అందుకని సమ్ నుంచి సమ్‌కు పూర్తి ఆవర్తాలు కొలవడం మేలు. మా ప్లేటులో అయిదు ఆవర్తాలు, అంటే ఎనభై మాత్రలు, 48 సెకన్లలో అయిపోయాయి. అంటే నిమిషానికి 100.

ఇంతకీ గడియారం లేని రోజుల్లో ఏం చేసేవారు? మనిషికి అల్లా ఇచ్చిన గడియారం నాడి. ఇబ్న్ సీనా (980-1037) తన వైద్యగ్రంథం 'ఖానూన్'లో నాడికి సంగీత స్వభావం ఉందని, దాని కొట్టుకోవడంలో లయ, నిష్పత్తి ఉంటాయని రాశాడు. ఆయన సంగీతం మీద కూడా రాసినవాడే. అంతకు ముందే 950లో చనిపోయిన అల్ ఫారాబీ లయను కాలప్రమాణాల నిష్పత్తిగా నిర్వచించాడు. 1258లో హులాగూ బాగ్దాదును నాశనం చేసినప్పుడు బతికి బయటపడ్డ సఫీయుద్దీన్ ఉర్మవీ లయలను చక్రాలుగా గీసి చూపించాడు. మన తాళపు ఆవర్తం ఎరిగినవారికి ఆ బొమ్మ చూడగానే అర్థమైపోతుంది. అదే శతాబ్దంలో ఇక్కడ దేవగిరిలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం'లో, అయిదు హ్రస్వాక్షరాలు పలికేంత కాలం మాత్ర అన్నాడు. ఎంత చక్కని కొలత! కాని పలికే నోరు ఎవరిదన్నదే చిక్కు. ద్రుతానికి రెట్టింపు మధ్యం, మధ్యానికి రెట్టింపు విలంబితం అన్నారు గాని, అసలు ద్రుతం ఎంత అంటే గురువు చేతిచప్పుడే ప్రమాణం.

ఐరోపాలోనూ ఇదే అవస్థ. జర్మన్ వేణువాదకుడు క్వాంట్జ్ 1752లో రాసిన గ్రంథంలో నిమిషానికి ఎనభైసార్లు కొట్టుకునే నాడిని పాట నడకకు కొలబద్దగా పెట్టాడు. తరువాత ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అనే ఆయన రెండు బరువుల లోలకం తయారుచేస్తే, మేల్జెల్ దానికి అంకెల బద్ద తగిలించి 1815లో తన పేరిట పేటెంటు తీసుకున్నాడు. అదే మెట్రోనోమ్. కష్టం ఒకరిది, పేరు ఒకరిది! 1817లో బీథోవెన్ తన సింఫనీలకు అంకెలు ప్రకటించాడు. వాటిలో కొన్ని మరీ వేగమని ఈనాటికీ వాదిస్తున్నారు. కాగితం మీద అంకె ఉన్నా తగవు తీరలేదంటే, అంకె లేని మన ఉస్తాదుల సంగతి చెప్పాలా?

మన ఉస్తాదులకు మిగిలిన సాక్ష్యం ఆ నల్ల ప్లేట్లే. 1902లో గ్రామఫోను కంపెనీ తరఫున గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ పాట రికార్డు చేశాడు. ఆ రోజుల్లో ప్లేటు ఎంత వేగంతో తిరగాలన్న కట్టుబాటు లేదు. డెబ్బై లోపు నుంచి ఎనభై పైదాకా, ఎవరి యంత్రం వారిది. 78 అనేది 1920ల నడుమ కరెంటు మోటార్లు వచ్చాక స్థిరపడిన అంకె. డెబ్బై నాలుగులో రికార్డయిన పాటను డెబ్బై ఎనిమిదిలో వేస్తే నడక అయిదు శాతం పైన పెరుగుతుంది. శ్రుతి కూడా దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. మగగొంతు సన్నబడుతుంది.

మా ప్లేటుకు తిరిగి వద్దాం. ముందు మా గ్రామఫోనునే అనుమానించాం. ప్లేటు అంచున కాగితం ముక్క అంటించి నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెడితే 82 తేలాయి! పాట కన్నా ముందు స్ప్రింగే తొందరపడుతోందన్నమాట. దీనికి గీతల అట్ట ఒకటి ఉంది. 77 గీతలున్న అట్టను ప్లేటు మీద పెట్టి, 50 సైకిళ్ల కరెంటు దీపం వెలుగులో చూస్తే, ప్లేటు సుమారు 78 చుట్లు తిరిగేటప్పుడు గీతలు కదలనట్టు నిలబడిపోతాయి. దీపం సెకనుకు వందసార్లు మినుకుమంటుంది గనుక అలా కనిపిస్తుంది. ఆ అట్టతో మరను సరిచేశాక నూరు కాస్తా 95 అయింది.

తర్వాత హార్మోనియం. గాయకుడు ఏ శ్రుతిలోనైనా పాడుకోవచ్చు గాని పెట్టె మెట్లు మారవు. 78లో వేస్తే ఆ పెట్టె స్వరం మా పెట్టెలోని రెండు మెట్లకు సరిగ్గా నడుమ పడింది. అంటే రికార్డింగు యంత్రం 78లో తిరగలేదు. పాత పెట్టెలన్నీ ఒకే శ్రుతిలో ఉండవు గనుక ఇది తిరుగులేని రుజువని అనం. పై మెట్టుకు ఎక్కిస్తే 98, కింది మెట్టుకు దించితే 92. దించినప్పుడే గొంతులో పీల తగ్గి మగాడి గొంతయింది. కనుక మేము 92నే పట్టుకున్నాం.

ఈ రోజుల్లో ఫోను ముందు పాట వేస్తే అదే అంకె చెప్పేస్తుంది. అది కూడా పొరబడుతుంది. 46ను 92 అంటుంది, 92ను 184 అంటుంది. ఠేకా తెలిసిన చెవి పక్కన లేకపోతే నమ్మకూడదు. పైగా తప్పు వేగంతో కంప్యూటరుకు ఎక్కించిన పాట నుంచి తప్పు అంకే వస్తుంది.

ఈ లెక్క తేలాక కాగితం పట్టుకుని నానాగారి దగ్గరికి వెళ్లాం. అప్పటికి ఆయన మంచం మీద ఉన్నారు. సరిచేసిన వేగంలో ప్లేటు వేసి వినిపించాం. కళ్లు మూసుకుని మొత్తం విని, "గొంతు దొరికింది. కాని ఇంకా తొందరే" అన్నారు.

మాకు మొదట చిన్నతనమనిపించింది. ఆలోచిస్తే ఆయన మాటే నిజం. పది అంగుళాల ప్లేటులో ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలు. మెహఫిల్‌లో గంట సాగే ఖయాల్‌ను అందులో ఇరికించాలి. 1948లో అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డు వచ్చి పక్కకు ఇరవై నిమిషాలు దొరికాకే ఆ బిగువు సడలింది. ఉస్తాద్ అమీర్ ఖాన్ (1912-1974) ఝూమ్రా తాళాన్ని ఎంత నిదానంగా నడిపేవారో అలాంటి రికార్డుల్లోనే వినగలం. మాత్రకు నాలుగు సెకన్లు వేసుకున్నా, పద్నాలుగు మాత్రల ఒక్క ఆవర్తానికే 56 సెకన్లు. పాత ప్లేటులో అలాంటివి మూడు పట్టేసరికి సూది చివరికొచ్చేస్తుంది.

యంత్రం చేసిన ఎనిమిది మాత్రల తప్పును మేము దిద్దగలిగాం. మూడు నిమిషాల కోసం ఉస్తాదు తానుగా వదులుకున్నదెంతో ఆ ప్లేటులో లేదు. అది నానాగారు విన్న రాత్రుల్లో ఉంది. "అయితే అసలు నడక ఎంత నానా?" అని అడిగితే ఆయన దుప్పటి మీద వేలితో తాళం వేసి చూపించారు. గడియారం చూసుకోవాలన్న స్పృహ మాకు అప్పుడు లేకపోయింది.