దండు వెంట తండా, దండు కోసం రైలు

పాత ఆవిరి ఇంజన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఏ ఇంజను ఏ ఏడాది తయారైందో, దానికి ఎన్ని చక్రాలో, ఏ యుద్ధంలో ఏ సైన్యాన్ని మోసిందో నోటికి చెబుతారు. మన తండాల పిల్లల్లోనూ రైలంటే ఆ ఇష్టం ఉంది. గూడ్సు బండి పోతుంటే నిలబడి డబ్బాలు లెక్కపెట్టని పిల్లలు తక్కువ. ఈ ఇష్టాన్ని మేము తప్పు పట్టం. అయితే ఇంజను చరిత్ర చదివేటప్పుడు ఇంకొక ప్రశ్న కూడా వేయాలి. ఇంజను రాకముందు ఆ బరువును ఎవరు మోశారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మన లంబాడా తండా దగ్గరికే వస్తాం.

మన త్రిపురారం మీదుగా రైలు పట్టాలు లేవు. రైలెక్కాలంటే మిర్యాలగూడ పోవాలి. కానీ ఈ నేల రాకపోకలకు కొత్తది కాదు. మచిలీపట్నం రేవు నుంచి గోలకొండకు, హైదరాబాదుకు పోయే పాత దారులు కృష్ణ, మూసీ నదుల నడుమనున్న ఈ ప్రాంతం గుండా సాగాయి. సముద్రపు ఉప్పు లోపలి ఊళ్లకు, లోపలి ధాన్యం బయటి ఊళ్లకు ఎద్దుల వీపుల మీద నడిచింది. ఆ ఎద్దులను తోలినవారు మన పెద్దలు.

ఆ వ్యాపారాన్ని గోర్ బోలిలో లదేణి అంటారు. బండ్లు, చక్రాలు లేవు. ఎద్దు వీపుకు రెండు పక్కలా గోణెలు వేలాడదీసి గుంపుగా తోలడమే. నాయక్ దారి నిర్ణయించేవాడు. ఆడవాళ్లు, పిల్లలు, వంటపాత్రలు, కావలి కుక్కలు అన్నీ వెంటే నడిచేవి. ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే 17వ శతాబ్దంలో మన దేశంలో తిరుగుతూ పది, పన్నెండు వేల ఎద్దుల గుంపులను చూశానని రాశాడు. ధాన్యం, బియ్యం, పప్పు, ఉప్పు ఒక్కొక్కటి ఒక్కొక్క వర్గం మోసేదని కూడా రాశాడు. పీటర్ ముండీ అనే ఇంగ్లీషువాడు 1632లో పద్నాలుగు వేల ఎద్దులున్న తండాను దారిలో కలిశాడు.

తరగతి గదిలో ఈ లెక్క చేయించవచ్చు. ఒక ఎద్దు వంద కిలోలు మోసిందనుకుంటే పది వేల ఎద్దులు వెయ్యి టన్నులు మోస్తాయి. ఈనాటి గూడ్సు డబ్బాకు సుమారు అరవై టన్నులు పడితే అది పదహారు, పదిహేడు డబ్బాల సరుకు. రోజుకు నడక ఆరేడు మైళ్లే. అయినా ఖర్చు తక్కువ. ఎద్దులు దారిలోని బీళ్లలో మేసేవి, చెరువుల్లో తాగేవి. మేత కొనే పని లేదు. ఆ కాలపు లదేణికి ఇదే బలం.

రాజులకు తండా అవసరం పడింది ఇక్కడే. దండు కదిలితే వేల నోళ్లకు తిండి కావాలి. కత్తి పట్టేవాడు ధాన్యం మోయలేడు. మొగలు సైన్యాలకు, నిజాం సైన్యాలకు, చివరికి ఇంగ్లీషు కంపెనీ సైన్యాలకు కూడా తండాలే ధాన్యం చేర్చాయి. 1791లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం దాకా పోయి, తిండి లేక, పశువులు చచ్చి, పెద్ద ఫిరంగులను తానే పాడుచేసుకుని వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడాది మళ్లీ పోయినప్పుడు బంజారాల ధాన్యం అతని దండుకు ఆధారమైంది. 1803లో మరాఠాల మీద యుద్ధానికి పోయిన ఆర్థర్ వెల్లెస్లీ కూడా బంజారాలనే నమ్ముకున్నాడు. ఇంగ్లీషు కాగితాల్లో మనవాళ్ల పేరు ‘బ్రింజారీలు’.

ఇది చెప్పుకుని ఊరికే గర్వపడమని మేము అనడం లేదు. ఆ దండులు పోయిన దారిలో పంటలు తొక్కుడుపడ్డాయి, ఊళ్లు కాలాయి. ఆ దండులకు తిండి పెట్టింది మన గోణెలే. అది కూడా మన చరిత్రే. కానీ ‘వీళ్లకు చరిత్ర లేదు, ఊరూరా తిరిగిన జాతి’ అన్న మాట మాత్రం నిలవదు. వేల పశువులతో, లెక్కతో, మాట కట్టుబాటుతో నడిచిన రవాణా వ్యవస్థ అది.

ఇక రైలు సంగతి. 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ రైలు మార్గాల గురించి రాసిన పత్రంలో సైన్యం అవసరాన్ని గట్టిగా చెప్పాడు. నెలలు పట్టే దండు కదలిక రోజుల్లో అయిపోతుందన్నది అతని లెక్క. నాలుగేళ్లకే 1857 తిరుగుబాటు వచ్చింది. ఇంగ్లండులోని లీడ్స్‌లో 1855లో తయారై బెంగాలుకు వచ్చిన ‘ఫెయిరీ క్వీన్’ ఇంజను ఆ రోజుల్లో సైనికుల బండ్లు లాగింది. పాత ఇంజన్ల అభిమానులు ఈనాడు మురిసిపోయే ఇంజను అదే. ఆ ఏడాదే జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం ఇంగ్లీషు రెసిడెన్సీ మీద పడ్డారు. సికింద్రాబాద్ కంటోన్మెంటుకు దండు త్వరగా చేరే దారి కావాలని ఇంగ్లీషువారికి తెలిసివచ్చింది.

ఆ దారి 1874 అక్టోబరులో తెరుచుకుంది. బొంబాయి–మద్రాసు మార్గంలోని వాడి నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 185 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి లైను. నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ కాలం అది. ఖర్చు హైదరాబాద్ రాజ్యానిది, మొదటి లాభం కంటోన్మెంటుది. తరువాత లండన్‌లో పెట్టిన కంపెనీ చేతికి రైలు పోయింది. పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. అందుకే దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1883లో చాందా రైలు పథకాన్ని విమర్శించినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయను హైదరాబాదు నుంచి వెళ్లగొట్టారు. ప్రశ్నించినవాళ్లు ఆనాడూ ఉన్నారు.

ఆ లైను వరంగల్, డోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడకు చేరింది. దాని కొమ్మ ఒకటి ఇల్లెందు అడవిలోకి పోయింది. 1871లో విలియం కింగ్ అక్కడ బొగ్గు కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. కోయలు బతికే నేల కిందినుంచి తీసిన బొగ్గుతో ఇంజన్లు పొగ వదిలాయి. అంటే ఒకే రైలు ఒక గిరిజన జాతి నేలను తవ్వించింది, ఇంకొక జాతి పనిని లాక్కుంది.

లదేణి ఒక్కనాడు ఆగిపోలేదు. ముందు మట్టి రోడ్ల మీద బండ్లు పెరిగాయి. తరువాత ఉప్పు, ధాన్యం రైలు ఎక్కాయి. దండుకు తిండి స్టేషన్లోనే దిగుతుంటే తండాను పిలిచేవారు లేరు. మేత బీళ్లు సాగులోకి పోయాయి, అడవులకు సర్కారు హద్దులు పెట్టింది. మన పెద్దలు ఎక్కడి దారిలో అక్కడే ఆగారు. కొందరు పశువులు పెంచారు, కొందరు బీడు కొట్టి జొన్న వేశారు, చాలామంది కూలికి పోయారు. దారి పక్క మకామే ఊరైంది. అందుకే ఇల్లు కదలకపోయినా మన ఊరు పేరు ఇంకా తండాయే.

పని పోయిన ఆ కాలంలోనే పేరు కూడా పోయింది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పలుచోట్ల లంబాడాలు ఆ జాబితాలోకి ఎక్కారు. దండుకు తిండి పెట్టినప్పుడు కావలసినవాళ్లు, దండుకు రైలు దొరికాక దొంగలయ్యారు. తిరగడమే పనిగా ఉన్నవారికి తిరగడమే నేరమైంది. ఆ చట్టం 1952లో రద్దయింది. తెలంగాణలో లంబాడాలకు షెడ్యూల్డు తెగల గుర్తింపు 1976 చట్టంతో గానీ రాలేదు. చట్టం మారినా అనుమానపు చూపు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉంది. తరగతిలో దాన్ని ఎదుర్కొనే పిల్లవాడికి ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

మన ప్రాంతానికి రైలు చాలా ఆలస్యంగా వచ్చింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం బెజవాడ వైపు నుంచి హైదరాబాదుకు వచ్చినప్పుడు కోదాడ, మునగాల, సూర్యాపేట రోడ్డు మీదుగానే వచ్చింది. నిజాం సైన్యం వెనక్కి పోతూ సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చింది. నల్లగొండ, మిర్యాలగూడలను కలిపే బీబీనగర్–నడికుడి లైను స్వాతంత్ర్యం వచ్చి దశాబ్దాలు గడిచాకే పూర్తయింది.

ఇంజనుకు గుడి, మోసినవాడికి మరుపు అనేది మన దగ్గరే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం సయాం–బర్మా మధ్య సుమారు 415 కిలోమీటర్ల సైనిక రైలు వేయించింది. యుద్ధ ఖైదీలు పన్నెండు వేలకు పైగా చచ్చారు. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకుపోయిన తమిళ, తెలుగు కూలీలతో సహా ఆసియా కూలీలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చచ్చారు. ఆ లైనులో నడిచిన సి56 ఇంజను ఒకటి టోక్యోలో అద్దాల హాలులో మెరుస్తూ నిలబడి ఉంది. కూలీల్లో ఎక్కువమంది పేర్లు ఎక్కడా లేవు.

అందుకని ఉపాధ్యాయులకు, యువతకు మా మాట ఒక్కటే. పిల్లలను రైలు మ్యూజియానికి తీసుకుపోండి, ఇంజనును తాకి చూడనివ్వండి. దాంతోపాటు తండాలో పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. గోణెను ఏమనేవారు, ముందు నడిచే ఎద్దుకు గంటలు, గవ్వలు ఎందుకు కట్టేవారు, మీ తండా ఎటు నుంచి వచ్చి ఇక్కడ ఎందుకు ఆగింది అని అడిగించి, గోర్ బోలి మాటలను తెలుగు లిపిలో రాయించండి. త్రిపురారం, మిర్యాలగూడ తండాల్లో ఒక్కో బడి ఒక్కో నోటుపుస్తకం నింపినా చాలు. ఇనుప ఇంజను తుప్పు పట్టినా వందేళ్లు ఉంటుంది. ముసలివాళ్ల నోట్లోని మాటకు అంత గడువు లేదు.